ఆహార సంకలితాలు – ఆటోఇమ్యూన్ వ్యాధులు : రుజువైనదెంత? అనుమానమెంత?

ఇచ్ఛాపురానికి, బరంపురానికి నడుమ జాతీయ రహదారిపై రెండు రాష్ట్రాల సరిహద్దున ఉన్న గిరిసోల పరిసరాలు చిరకాలంగా ఉప్పు పండే సీమకు చెందినవి. గంజాం తీరంలోని హుమ్మా, సుర్లా, శ్రీకాకుళం తీరంలోని నౌపడా ఉప్పు మడులకు పేరుపొందిన ఊళ్ళు. ఈ సీమ వంటిళ్ళలో రాళ్ళ ఉప్పు, ప్యాకెట్ ఉప్పు రెండూ కనిపిస్తాయి. థైరాయిడ్ మాత్రలు వాడే స్త్రీలు నేడు పల్లెలలోనూ ఉన్నారు. కీళ్ళవాతం, బొల్లి వంటి వ్యాధులకు వైద్యులు "ఆటోఇమ్యూన్" అనే మాట వాడడమూ వినిపిస్తున్నది. ఈ క్రమంలో "ప్యాకెట్ ఆహారంలో ఏవో మందులు కలుపుతున్నారు, ఉప్పులో కూడా కలుపుతున్నారు, ఈ జబ్బులన్నీ అందువల్లనే" అనే అభిప్రాయం వ్యాపించింది.

ఈ అభిప్రాయంలో కొంత నిజం, కొంత అనుమానం, కొంత అపోహ కలగలిసి ఉన్నాయి. ఈ మూడింటినీ వేరు చేసి చూడకపోతే హాని కలుగుతుంది. భయంతో అయోడిన్ ఉప్పు మానివేసిన ఇంట్లో గర్భిణి ఉంటే, ఆ నష్టం పుట్టబోయే బిడ్డ మెదడుకు చేరవచ్చు.

ఆహార సంకలితాలు అంటే ఏమిటి?

ఆహారం నిలవ ఉండడానికి, రంగు, రుచి, మెత్తదనం కలగడానికి, గడ్డ కట్టకుండా ఉండడానికి తయారీలో ఉద్దేశపూర్వకంగా కలిపే పదార్థాలను ఆహార సంకలితాలు అంటారు. వీటికి అంతర్జాతీయంగా ఒక్కొక్క సంఖ్య ఉన్నది. ప్యాకెట్ వెనుక "ఐ.ఎన్.ఎస్." అనే అక్షరాల పక్కన ఉండే అంకెలు ఇవే. నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్లలో లెసిథిన్ సంఖ్య 322, పాలిసార్బేట్-80 సంఖ్య 433, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ సంఖ్య 466. పసుపు రంగునిచ్చే టార్ట్రజిన్ 102. నిలవ కోసం వాడే సోడియం బెంజోయేట్ 211. రుచి పెంచే మోనోసోడియం గ్లుటమేట్ 621.

పోషక విలువ కోసం కలిపే అయోడిన్, ఇనుము, విటమిన్లు వేరొక వర్గానికి చెందుతాయి. వీటిని చేర్చడాన్ని పోషక బలవర్ధనం అంటారు. అయితే సామాన్యుని దృష్టిలో ఇదీ "కలిపినదే" కనుక ఈ వ్యాసంలో రెండింటినీ పరిశీలించడం సమంజసం.

ఆటోఇమ్యూన్ వ్యాధి అంటే ఏమిటి?

శరీరంలోకి ప్రవేశించే సూక్ష్మజీవులను ఎదిరించడానికి రోగనిరోధక వ్యవస్థ ఉన్నది. తన శరీర కణాలేవో, పరాయివేవో గుర్తించడం దాని మొదటి పని. ఆ గుర్తింపు తప్పి తన అవయవాలపైనే దాడి చేస్తే కలిగేవి ఆటోఇమ్యూన్ వ్యాధులు. థైరాయిడ్ గ్రంథిపై దాడి జరిగితే హషిమోటో వ్యాధి, క్లోమంలోని ఇన్సులిన్ కణాలపై జరిగితే మొదటి రకం మధుమేహం, కీళ్ళపై జరిగితే రుమటాయిడ్ కీళ్ళవాతం, చర్మానికి రంగునిచ్చే కణాలపై జరిగితే బొల్లి, చిన్నప్రేగులపై గోధుమ కారణంగా జరిగితే సీలియాక్ వ్యాధి కలుగుతాయి. వీటిలో అనేకం పురుషులలో కంటే స్త్రీలలో అధికం.

ఈ వ్యాధులకు ఒకే కారణం ఉండదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యు లక్షణం పునాది కాగా, అంటువ్యాధులు, పొగతాగడం, హార్మోన్ల మార్పులు, ఆహారం వంటివి దానిని రగిలించవచ్చు. ఒకే ఉప్పు తిన్న అక్కచెల్లెళ్ళలో ఒకరికి వ్యాధి వచ్చి మరొకరికి రాకపోవడానికి ఇదే కారణం.

అనుమానం ఎలా మొదలైంది?

ప్రేగుల లోపలి గోడ ఒక వరుస కణాలతో ఏర్పడి ఉంటుంది. దానిపై జిగట పొర ఉంటుంది. కణాల మధ్య అతుకులు బిగుతుగా ఉంటే జీర్ణం కాని ఆహార అణువులు, సూక్ష్మజీవుల శకలాలు లోపలికి చొరబడవు. అతుకులు సడలితే ఆ అణువులు రోగనిరోధక కణాలకు ఎదురుపడి అనవసరపు పోరాటానికి దారి తీయవచ్చు. ఆరన్ లెర్నర్, టోర్‌స్టెన్ మథయస్ అనే పరిశోధకులు 2015లో ఈ వాదాన్ని ఆహార సంకలితాలకు వర్తింపజేశారు. చక్కెర, ఉప్పు, ఎమల్సిఫయర్లు, సేంద్రియ ద్రావణాలు, గ్లూటెన్, సూక్ష్మజీవుల నుంచి తీసిన ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము, నానో కణాలు ఈ అతుకులను సడలించవచ్చునని వారు సూచించారు. ఇది ఒక ప్రతిపాదన మాత్రమే. ఈ ఏడింటి వల్లనే ఆటోఇమ్యూన్ వ్యాధులు పెరిగాయని మనుషులలో రుజువు కాలేదు. ఒక్కొక్క దానికి ఉన్న ఆధారం ఎంతో విడివిడిగా చూడవలసి ఉన్నది. ఆ జాబితాలో లేని అయోడిన్‌కు మనుషులలో బలమైన ఆధారం ఉన్నది గనుక దానితో ప్రారంభించడం ఉచితం.

అయోడిన్ ఉప్పు : శ్రీకాకుళం బిడ్డ వేసిన బాట

థైరాయిడ్ గ్రంథి తన హార్మోన్ తయారీకి అయోడిన్‌ను వాడుకుంటుంది. అయోడిన్ చాలకపోతే గొంతు దగ్గర గ్రంథి ఉబ్బి గలగండం ఏర్పడుతుంది. తల్లికి తీవ్రమైన లోపం ఉంటే బిడ్డ మందబుద్ధితో, చెవుడుతో పుట్టవచ్చు. హిమాలయ పాదాలలోని కాంగ్రా లోయలో ఈ సమస్యపై 1956లో ప్రారంభమైన అధ్యయనానికి నాయకత్వం వహించినవారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. అనంతరం అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు.

కాంగ్రా లోయను మూడు భాగాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్నేళ్ళకు అయోడిన్ అందిన రెండు భాగాలలో గలగండం గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు అందిన భాగంలో తగ్గలేదు. 1962లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమం ప్రారంభమైంది. ప్రత్యక్షంగా తినడానికి అయోడిన్ లేని ఉప్పును అమ్మరాదన్న నిషేధం 1998లో దేశమంతటా అమలులోకి వచ్చి, 2000లో ఎత్తివేయబడి, 2006 మే నెలలో తిరిగి వచ్చింది. చిల్లర దుకాణానికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం.

అయోడిన్ వల్ల ఆటోఇమ్యూన్ థైరాయిడ్ వ్యాధి పెరుగుతుందా?

కొంతవరకు పెరుగుతుందన్నదే నిజాయితీ గల సమాధానం. థైరాయిడ్‌లోని థైరోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తుకు అయోడిన్ ఎక్కువగా చేరినప్పుడు, జన్యుపరంగా అనువైన వారిలో రోగనిరోధక వ్యవస్థ దానిని పరాయిదిగా భావించే అవకాశం పెరుగుతుంది.

డెన్మార్క్ దేశం 1998లో స్వచ్ఛందంగా, 2000లో నిర్బంధంగా ఉప్పులో అయోడిన్ కలపడం ప్రారంభించింది. అంతకు ముందు, తరువాత ప్రజల రక్తాన్ని పరీక్షించగా థైరాయిడ్‌కు వ్యతిరేకమైన టి.పి.ఒ. యాంటీబాడీలు ఉన్నవారు సుమారు 14 శాతం నుంచి సుమారు 24 శాతానికి పెరిగారు. థైరాయిడ్ మందగించిన కొత్త రోగుల సంఖ్య కూడా పెరిగింది.

చైనాలో మూడు ప్రాంతాలను అయిదేళ్ళు పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. అయోడిన్ కొద్దిగా తక్కువ ఉన్న పాన్‌షాన్‌లో కొత్తగా ఆటోఇమ్యూన్ థైరాయిడ్ వ్యాధి వచ్చినవారు 0.2 శాతం. అవసరానికి మించి ఉన్న జాంగ్‌వులో 1.0 శాతం, మితిమీరి ఉన్న హువాంగ్‌హువాలో 1.3 శాతం. మన దేశంలో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో 5,376 మంది పెద్దలపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. వారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగమనం, సుమారు 22 శాతం మందికి టి.పి.ఒ. యాంటీబాడీలు ఉన్నట్టు అందులో తేలింది. అయితే ఈ నగరాల అధ్యయనం ఒకే సమయంలో తీసిన లెక్క. అది వ్యాధి ఎంత ఉన్నదో చెబుతుంది గాని, అయోడిన్ ఉప్పే కారణమని చెప్పదు.

అలాగైతే మానివేయవలసినదేనా?

కాదు. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, నష్టాల తూకం. యాంటీబాడీ ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. వారిలో చాలామందికి గ్రంథి సక్రమంగానే పనిచేస్తుంది. ఒకవేళ మందగించినా రక్తపరీక్షతో తెలుస్తుంది, రోజుకొక మాత్రతో సరిదిద్దవచ్చు. అయోడిన్ లోపంతో పుట్టిన బిడ్డ మెదడుకు కలిగిన నష్టం తరువాత ఎంత అయోడిన్ ఇచ్చినా పూర్తిగా పూడదు.

రెండవది, డెన్మార్క్ అనుభవం. యాంటీబాడీల పెరుగుదలను స్వయంగా లెక్కించిన ఆ దేశం అయోడిన్‌ను ఆపలేదు. ప్రజలకు ఇంకా చాలడం లేదని గుర్తించి 2019లో మోతాదు పెంచింది.

మూడవది, మోతాదు లెక్క. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, బాలింతలకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కిలోకు 15 మిల్లీగ్రాములు ఉన్న ఉప్పును రోజుకు 5 గ్రాములు తింటే అందేది 75 మైక్రోగ్రాములు. కిలోకు 30 మిల్లీగ్రాములు ఉంటే 150 మైక్రోగ్రాములు. వంటలో కొంత పోతుంది. యూరప్ దేశాలు పెద్దలకు గరిష్ఠ పరిమితిగా పెట్టుకొన్న 600 మైక్రోగ్రాములు అందాలంటే 30 మిల్లీగ్రాముల ఉప్పును రోజుకు 20 గ్రాములు తినవలసి వస్తుంది. అంత ఉప్పు తినేవారికి అయోడిన్ కంటే ముందు రక్తపోటే ముప్పు తెస్తుంది.

సరిహద్దు జిల్లాలకు ఈ విషయం మరింత ముఖ్యం. 2018–19లో జరిగిన జాతీయ అయోడిన్ సర్వేలో తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే కుటుంబాలు దేశం మొత్తంపై 76.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 63.9 శాతం, ఒడిశాలో 65.8 శాతం మాత్రమే. అట్టడుగున నిలిచిన అయిదు రాష్ట్రాలలో ఈ రెండూ ఉన్నాయి. అనగా గిరిసోలకు ఇటువైపైనా అటువైపైనా, ప్రతి మూడు ఇళ్ళలో ఒకదానికి అయోడిన్ చాలడం లేదు. ఇక్కడ అతిగా అందుతుందన్న భయం కంటే అందకపోవడమే పెద్ద సమస్య.

సముద్రపు నీటితో పండిన ఉప్పులో సహజంగానే అయోడిన్ ఉంటుందన్నది తీరప్రాంతంలో బలంగా ఉన్న అపోహ. సముద్రపు చేపలో అయోడిన్ ఉంటుంది గాని, మడిలో పండిన రాళ్ళ ఉప్పులో మిగిలేది అత్యల్పం. సైంధవ లవణం సంగతీ అంతే. రాళ్ళ ఉప్పును ఎండు చేపలకు, తోళ్ళకు, పశువులకు వాడుకోవచ్చును. రోజూ వండే కూరకు మాత్రం అయోడిన్ ఉప్పే తగినది. ప్యాకెట్‌పై నవ్వుతున్న సూర్యుని గుర్తు అయోడిన్ ఉప్పును సూచిస్తుంది. తడి, ఎండ, పొయ్యి వేడి తగిలితే అయోడిన్ తగ్గిపోతుంది కనుక మూత ఉన్న డబ్బాలో నిలవ చేయాలి. కూర దించే ముందు ఉప్పు వేయడం మేలు. ఆశా కార్యకర్తలకు ఇచ్చే పరీక్ష కిట్టులోని ద్రవాన్ని ఒక చుక్క ఉప్పుపై వేస్తే, అయోడిన్ ఉన్న ఉప్పు నీలి రంగుకు తిరుగుతుంది.

ఉప్పు అధికమైతే?

2013లో వెలువడిన రెండు పరిశోధనలలో, ఉప్పు అధికంగా ఇచ్చిన ఎలుకలలో వాపును రగిలించే ఒక రకం రోగనిరోధక కణాలు పెరిగి, నరాలను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ వ్యాధి తీవ్రమైంది. మనుషులలో మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల వ్యాధి ఉన్నవారిని పరిశీలించగా, ఒక చిన్న అధ్యయనంలో ఉప్పుకు, వ్యాధి తిరగబెట్టడానికి సంబంధం కనిపించింది. అంతకంటే పెద్దదైన తరువాతి అధ్యయనంలో కనిపించలేదు. కనుక ఆటోఇమ్యూన్ విషయంలో ఉప్పుపై ఉన్నది అనుమానమే. రక్తపోటు విషయంలో మాత్రం సందేహం లేదు. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించగా, భారతీయులు సగటున 8 గ్రాముల వరకు తింటున్నారు. అయోడిన్ ఉప్పే వాడాలి, అదీ తక్కువగా వాడాలి. ఈ రెండు సలహాల మధ్య వైరుధ్యం లేదు.

ఉద్దానం కుటుంబాలకు ఒక హెచ్చరిక

ఉప్పు తగ్గించే ఉద్దేశంతో "తక్కువ సోడియం ఉప్పు" పేరిట అమ్మే ప్యాకెట్లలో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యవంతులకు ఇది మేలు చేయవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకొని గుండె లయను దెబ్బతీయగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పును సిఫార్సు చేస్తూ, మూత్రపిండాల లోపం ఉన్నవారిని ఆ సిఫార్సు నుంచి మినహాయించింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలలో మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్నది. అది అందరిలోనూ ముందే బయటపడదు. కనుక ఈ ప్రాంతంవారు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, వైద్యుని అడిగిన పిమ్మటనే అటువంటి ఉప్పు వాడడం క్షేమం.

ఎమల్సిఫయర్లు

ఐస్‌క్రీములు, కేకులు, క్రీము బిస్కెట్లు, సాస్‌లలో వీటిని వాడతారు. 2015లో పాలిసార్బేట్-80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌లను నీటిలో కలిపి ఎలుకలకు ఇచ్చినప్పుడు ప్రేగుల జిగట పొర పలచబడి, సూక్ష్మజీవులు గోడకు చేరువై, స్వల్పమైన వాపు ఏర్పడింది. వ్యాధికి అనువైన ఎలుకలలో పెద్దప్రేగు వాపు తీవ్రమైంది. 2022లో వెలువడిన మరొక ప్రయోగంలో 16 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. వారిలో కొందరికి రోజుకు 15 గ్రాముల కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌ను 11 రోజులు ఇవ్వగా ప్రేగులలోని సూక్ష్మజీవుల కూర్పు మారింది. ఇద్దరిలో సూక్ష్మజీవులు జిగట పొరలోకి చొచ్చుకొనిపోయినట్టు కనబడింది. ఇది ముఖ్యమైన సూచనే గాని, అంత మోతాదు మామూలు తిండిలో ఉండదు, ప్రయోగమూ చిన్నది.

భారతదేశంతో సహా 21 దేశాలలో 1,16,087 మందిని అనుసరించిన అధ్యయనం 2021లో వెలువడింది. అతిగా శుద్ధి చేసిన ప్యాకెట్ ఆహారం రోజుకు అయిదుసార్లు, అంతకు మించి తినేవారికి, ఒకసారి కంటే తక్కువ తినేవారితో పోల్చితే ప్రేగుల వాపు వ్యాధి ముప్పు సుమారు 1.8 రెట్లు ఉన్నది. ఈ వ్యాధి రోగనిరోధక వ్యవస్థకు సంబంధించినదే. అయితే తప్పు ఎమల్సిఫయరుదా, చక్కెరదా, పీచు లేని ఆహారానిదా అన్నది ఈ లెక్క విడదీసి చెప్పలేదు. సలహా మాత్రం స్పష్టం. చిన్నపిల్లలకు నిత్యం క్రీము బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లు అలవాటు చేయరాదు. చోడి అంబలి, అటుకులు, వేయించిన వేరుసెనగలు ఏ సంకలితమూ లేని చిరుతిండ్లు.

గ్లూటెన్

గోధుమలోని జిగురు మాంసకృత్తే గ్లూటెన్. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఇది ప్రత్యక్షంగా హాని చేస్తుంది. ఆహార పదార్థం రగిలించే ఆటోఇమ్యూన్ వ్యాధులలో ఇది నిస్సందేహంగా రుజువైనది. 2016లో వెలువడిన అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి సుమారు ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. బియ్యం ప్రధానమైన మన ఇళ్ళలో ఇది అరుదే గాని లేకపోలేదు. ఎదుగుదల ఆగిన పిల్లలకు, విడవని విరేచనాలు, మందులకు లొంగని రక్తహీనత ఉన్నవారికి ఈ పరీక్ష అవసరం కావచ్చు. వ్యాధి నిర్ధారణ అయినవారు చపాతీ, రవ్వ మానితే చాలదు. ఇంగువ పొడిలోనూ గోధుమ పిండి కలుపుతారు, సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. వ్యాధి లేనివారు గోధుమ మానవలసిన అవసరం లేదు. పరీక్షకు ముందే మానివేస్తే ఫలితం తప్పుగా వస్తుందని గుర్తించాలి.

ఆహార ముక్కలను అతికించడానికి కొన్ని పరిశ్రమలు వాడే ట్రాన్స్‌గ్లుటమినేజ్ గ్లూటెన్‌ను మరింత హానికరంగా మార్చవచ్చునన్న వాదం ఇంకా ప్రతిపాదన దశలోనే ఉన్నది.

రంగులు, తెలుపు పొడి

చూయింగ్ గమ్, చక్కెర పూత మిఠాయిలకు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్‌ను (సంఖ్య 171) యూరోపియన్ యూనియన్ 2022లో ఆహారంలో నిషేధించింది. అయితే అందుకు కారణం జన్యుపదార్థానికి హాని ఉండదని నిర్ధారించలేకపోవడమే గాని ఆటోఇమ్యూన్ వ్యాధి కాదు. టార్ట్రజిన్ వంటి రంగులు కొందరికి దద్దుర్లు తెస్తాయి. ఇది పడకపోవడమే గాని, రోగనిరోధక వ్యవస్థ స్వంత అవయవంపై చేసే దాడి కాదు. సంతలలో మిఠాయిలకు, పప్పులకు వేసే మెటానిల్ ఎల్లో అనుమతి లేని రంగు. దానిని సంకలితమనడం తప్పు, అది కల్తీ.

కల్తీ వేరు, సంకలితం వేరు

ఆహారం ద్వారా రోగనిరోధక వ్యవస్థ దెబ్బతిన్న అతి పెద్ద దుర్ఘటన స్పెయిన్‌లో 1981లో జరిగింది. పరిశ్రమల కోసం అనిలిన్ అనే రసాయనం కలిపిన రేప్‌సీడ్ నూనెను కొందరు వ్యాపారులు తిరిగి శుద్ధి చేసి, ఆలివ్ నూనె పేరిట ఊరూరా తిరిగి అమ్మారు. ఇరవై వేలకు అటూఇటూగా జనం జబ్బుపడగా 300 మందికి పైగా మరణించారు. బతికినవారిలో పలువురికి చర్మం బిగుసుకుపోయి ఆటోఇమ్యూన్ వ్యాధిని పోలిన లక్షణాలు ఏళ్ళ తరబడి నిలిచాయి. ఆ ప్రాణాలను తీసినది అనుమతి పొందిన సంకలితం కాదు, చీటీ లేని డబ్బాలో వచ్చిన కల్తీ నూనె.

మన దేశంలో 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, కాళ్ళ వాపు, గుండె వైఫల్యంతో 60 మందికి పైగా మరణించారు. ఇది ఆటోఇమ్యూన్ వ్యాధి కాకపోయినా పాఠం ఒకటే. ఒడిశా వంటకాలకు ఆవనూనె, తెలుగు వంటకాలకు వేరుసెనగ నూనె రెండూ వాడే సరిహద్దు ఇళ్ళవారు, చవకగా వచ్చే విడి నూనెను కొనకుండా ఉండడం అన్నిటికంటే మేలైన జాగ్రత్త.

ప్యాకెట్‌ను చదవడం ఎలా?

ప్యాకెట్‌పై వివరాలు ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉన్నా ఐ.ఎన్.ఎస్. అంకెలు అన్ని భాషలలోనూ ఒక్కటే. పదార్థాల జాబితాలో మొదట ఉన్నది బరువులో ఎక్కువ, చివర ఉన్నది తక్కువ. అంకెలు ఎన్ని ఎక్కువ ఉంటే ఆ తిండిని అంత అరుదుగా కొనడం సులభమైన సూత్రం. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ లేని ప్యాకెట్‌ను కొనరాదు. ఫిర్యాదు చేయవలసి వస్తే, సరుకు ఏ రాష్ట్రంలో కొన్నారో ఆ రాష్ట్ర ఆహార భద్రత అధికారికే చేయాలి. ఇచ్ఛాపురంలో కొన్నదానికి శ్రీకాకుళం జిల్లా అధికారి, గిరిసోలలో, బరంపురంలో కొన్నదానికి గంజాం జిల్లా అధికారి బాధ్యులు. బిల్లు దాచుకోవడం అవసరం.

వైద్యుని ఎప్పుడు చూడాలి?

విడవని నీరసం, కారణం లేకుండా బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం, గొంతు దగ్గర వాపు ఉన్నప్పుడు టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే వైద్యులు టి.పి.ఒ. యాంటీబాడీ పరీక్ష రాస్తారు. ఉదయం లేవగానే వేళ్ళ కీళ్ళు గంటకు పైగా బిగుసుకుపోవడం, ఎండకు ముఖంపై ఎర్రని మచ్చలు రావడం, పిల్లలలో అతి దాహం, అతి మూత్రం కనిపించినా ఆలస్యం చేయరాదు. ఈ ప్రాంతంవారికి బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి, శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. ఒక రాష్ట్రంలో చేయించిన పరీక్షల కాగితాలను మరొక రాష్ట్రంలోని వైద్యునికి తప్పక చూపాలి.

థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్ళతో వేసుకొని, అరగంట నుంచి గంట దాకా టీ, టిఫిన్ తీసుకోకూడదు. ఇనుము, కాల్షియం మాత్రలకు దీనికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం దాల్చగానే "మందులు వద్దు" అని పెద్దలు ఈ మాత్రను మాన్పించడం కొన్ని ఇళ్ళలో జరుగుతున్నది. ఇది ప్రమాదకరం. గర్భిణికి ఈ మాత్ర అవసరం సాధారణంగా పెరుగుతుంది. మోతాదు మార్చవలసింది వైద్యుడే. హషిమోటో వ్యాధి ఉన్నవారు సైతం వైద్యుడు చెప్పనిదే అయోడిన్ ఉప్పు మానరాదు. అయోడిన్ అధికంగా ఉండే సముద్రపు నాచు మాత్రలను, టానిక్కులను మాత్రం వారు సొంతంగా వాడరాదు.

సారాంశం

సీలియాక్ ఉన్నవారికి గ్లూటెన్ హాని రుజువైన విషయం. అయోడిన్ మితిమీరితే ఆటోఇమ్యూన్ థైరాయిడ్ పెరుగుతుందన్నదీ రుజువైనదే. అయితే లోపం వల్ల కలిగే నష్టం అంతకంటే పెద్దది, మన రెండు రాష్ట్రాలలో నేటికీ ఉన్నది లోపమే. ఎమల్సిఫయర్లు, అధిక ఉప్పు విషయంలో ఉన్నది గట్టి అనుమానం. వాటిని తగ్గించడం వల్ల నష్టమేమీ లేదు. రంగులు, తెలుపు పొడి విషయంలో ఆటోఇమ్యూన్ ఆధారం స్వల్పం. కల్తీ నూనె, అనుమతి లేని రంగు అన్నిటికంటే ప్రమాదకరం. కొనేటప్పుడు ముందుగా జాగ్రత్త పడవలసినది వాటి విషయంలోనే. రామలింగస్వామి పుట్టిన జిల్లాలో, ఆ పొరుగున ఉన్న గంజాంలో, ఏ బిడ్డా అయోడిన్ లోపంతో పుట్టకుండా ఉండాలంటే ప్రతి ఇల్లాలు తన ఇంటి ఉప్పు డబ్బాలో ఏ ఉప్పు ఉన్నదో ఒకసారి చూసుకోవాలి.